మీ ఫిల్టర్ ఏం దాస్తోంది? రోజూ అడగండి!

మీరు బిజినెస్ సాఫ్ట్‌వేర్ రాస్తారు. లేదంటే డిజైన్ చేస్తారు. లేదంటే ఏ ఫీచర్ ముందు, ఏది వెనక అని తేల్చే ప్రోడక్ట్ మేనేజర్ మీరే. మీ స్క్రీన్ మీద ఒక టేబుల్ ఉంది. దాని మూల ఒక చిన్న గరాటు బొమ్మ ఉంది. ఆ బొమ్మ వెనక పనికి స్ప్రింట్‌లో రెండు రోజులు రాసి, చివరి వరసలోకి నెట్టేశారు కదూ?

దాన్ని పైకి తీసుకురండి. ఇవాళే.

మీ కస్టమర్ పని గంటల్లో ఎక్కువ భాగం ఆ గరాటు దగ్గరే గడుస్తుంది. అకౌంటెంట్ పొద్దున్నే వచ్చి మీ డ్యాష్‌బోర్డు రంగులు చూసి మురిసిపోరు. నిన్నటి బిల్లులు కావాలి. బౌన్స్ అయిన చెక్కులు కావాలి. తెనాలి లైన్‌లో ఎవరి బాకీ ఎంతో కావాలి. లక్ష వరసల్లోంచి పనికొచ్చే ఇరవై తేల్చుకోవడమే వాళ్ల ఉద్యోగం.

ఫిల్టర్లు బాగా చేసేవాళ్లకు ప్రత్యేకమైన తెలివేమీ ఉండదు. ఒక అలవాటు ఉంటుంది. మిగతావాళ్లు స్క్రీన్ మీద మిగిలిన వరసలు చూసి "పనిచేస్తోంది" అంటారు. వీళ్లు స్క్రీన్ మీంచి వెళ్లిపోయిన వరసల గురించి అడుగుతారు. ఏవి వెళ్లాయి? ఎందుకు వెళ్లాయి? వెళ్లినట్టు వాడేవాళ్లకు తెలుసా?

ఈ మూడు ప్రశ్నలు మీ నాలుక చివర ఉండాలి. మిగతాదంతా ప్రాక్టీసు. ప్రాక్టీసు ఎవరైనా చెయ్యగలరు. మీరు తప్పకుండా చెయ్యగలరు.

చప్పుడు లేకుండా రాలిపోయినవి

ఇంగ్లండ్‌లో ఏం జరిగిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. 2020 సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు, కోవిడ్ పాజిటివ్ వచ్చిన 15,841 కేసులు రోజువారీ లెక్కల్లోకి ఎక్కలేదు. ల్యాబుల నుంచి వచ్చిన డేటాను పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్ ఫైళ్లలోకి ఎక్కించింది. ఆ ఫార్మాట్‌లో ఒక షీటుకు 65,536 వరసలే పడతాయి. అంతకు మించినవి రాలిపోయాయి. అలా లెక్క తప్పిన పాజిటివ్ వ్యక్తులను కలిసినవారిని వెతికే పని ఆ మేరకు ఆలస్యమైంది.

అది ఫిల్టర్ తప్పు కాదు, నిజమే. జబ్బు మాత్రం అదే. సాఫ్ట్‌వేర్ కొన్ని వరసలు వదిలేసింది, వదిలేశానని ఎవరికీ చెప్పలేదు. మీ ఫిల్టర్ రోజుకు వెయ్యిసార్లు వరసల్ని వదిలేస్తుంది. వదిలెయ్యడమే దాని పని. కాబట్టి చెప్పడం కూడా దాని పనే కావాలి.

ఎక్సెల్‌నే చూడండి. మీరు ఫిల్టర్ పెట్టగానే వరసల నంబర్లు నీలంగా మారతాయి. కింద స్టేటస్ బార్‌లో ఇన్నింటిలో ఇన్ని దొరికాయని వస్తుంది. బాగుంది. కానీ అదే షీటులో మీరు సమ్ ఫార్ములా వేసి ఉంటే, ఫిల్టర్‌లో కనబడని వరసలు కూడా ఆ మొత్తంలో కలిసే ఉంటాయి. కనబడేవాటి మొత్తమే కావాలంటే సబ్‌టోటల్ వాడాలి. ఈ తేడా తెలియక తప్పు మొత్తం చూసి చెక్కు రాసినవాళ్లు మన ఊళ్లలో తక్కువేమీ లేరు. ఇంత పేరున్న సాఫ్ట్‌వేరే ఒక చేత్తో చెప్పి ఇంకో చేత్తో దాచింది. మీరు అంతకంటే బాగా చెయ్యగలరు.

ముందు వినండి, ఫీల్డులు తర్వాత

మనలో చాలామంది పని మొదలుపెట్టేది డేటాబేస్ దగ్గర. టేబుల్‌లో నలభై కాలమ్‌లుంటే నలభై ఫిల్టర్లు. పెద్ద పని చేసినట్టు కనిపిస్తుంది. నిజానికి అది బద్ధకం. ఏది అవసరమో తేల్చే బాధ్యతను వాడేవాళ్ల నెత్తిన పెట్టేశారు మీరు.

అలవాటు మార్చండి. బిల్లింగ్ చేసేవాళ్ల పక్కన ఒక గంట కూర్చోండి. "మీకు ఏ ఫిల్టర్లు కావాలి?" అని మాత్రం అడక్కండి. అడిగితే "అన్నీ కావాలి సార్" అంటారు. ఓనరు వచ్చి వాళ్లను ఏం అడుగుతున్నారో వినండి. ఆ మాటల్ని ఆ మాటల్లానే రాసుకోండి. ఒక మందుల హోల్‌సేల్ కొట్లో కూర్చుంటే ఇలాంటివి వినిపిస్తాయి:

- "మనం చిన్న కంపెనీలకు కట్టాల్సినవాటిలో నలభై అయిదు రోజులు దాటబోతున్నవేవమ్మా?"
- "పోయిన నెల సరుకు తీసుకుని ఈ నెల ఆర్డరివ్వని షాపులేవి?"
- "ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ స్టాకెంత?"
- "రిటర్న్ వెయ్యాలి, జీఎస్‌టీ నంబరు లేని బిల్లులు తీయండి."

నాలుగే ప్రశ్నలు. నాలుగూ మీ డిజైన్‌ను తలకిందులు చేస్తాయి. చూద్దాం.

మొదటిది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల దగ్గర సరుకు కొన్నవాళ్లు ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. మరి మీ సాఫ్ట్‌వేర్‌లో బాకీల వయసు ఎలా చూపిస్తున్నారు? 0-30, 31-60, 61-90. ఎక్కడో చూసి తెచ్చుకున్న విభజన. 45వ రోజు 31-60 డబ్బాలో మధ్యన ఎక్కడో మునిగిపోయింది. ఓనరుకు వణుకు పుట్టించే గీత మీ స్క్రీన్ మీద లేనేలేదు. వయసు గీతల్ని వాడేవాళ్లు మార్చుకునే వీలివ్వండి. కనీసం 15, 45 అనే రెండు గీతలు ముందే వేసి ఇవ్వండి.

రెండోది ఇంకా అందమైన ప్రశ్న. 'ఆర్డరివ్వని' షాపులు. మీ అమ్మకాల టేబుల్‌లో ఎన్ని ఫిల్టర్లు పెట్టినా దీనికి జవాబు రాదు. కొనని షాపుకు ఈ నెల అమ్మకాల్లో వరసే ఉండదు. లేని వరసను ఏ ఫిల్టరూ చూపించలేదు. మీరు పోయిన నెల కొన్న పార్టీల జాబితా దగ్గర మొదలుపెట్టి, ఈ నెల బిల్లు లేనివాళ్లను తేల్చాలి. వ్యాపారంలో డబ్బు తెచ్చిపెట్టే ప్రశ్నలు చాలావరకు ఈ రకమే. రాని చెక్కు. అందని సరుకు. వెయ్యని హాజరు. తిరిగిరాని ఖాళీ సీసాలు. మీ స్క్రీన్‌లో 'ఏం జరిగింది' ఫిల్టర్లు పది ఉంటే, 'ఏం జరగలేదు' ఫిల్టర్ ఒక్కటైనా ఉందా? రేపు మీ ప్రోడక్ట్ తెరిచి వెతకండి. ఒక్కటి చేర్చినా మీ సేల్స్ టీమ్ మీకు కాఫీ ఇప్పిస్తుంది.

మూడోది, ఎక్స్‌పైరీ. మందు స్ట్రిప్ మీద తేదీ ఉండదు. నెల, సంవత్సరం ఉంటాయి. మన దేశపు నిబంధనల ప్రకారం ఆ నెల చివరి రోజు దాకా మందు పనికొస్తుంది. తొందరలో మీరు దాన్ని ఆ నెల ఒకటో తేదీగా దాచుకున్నారనుకోండి. మీ ఫిల్టర్ మంచి స్టాకును నెల ముందే చంపేస్తుంది. అమ్ముకోవాల్సిన సరుకు పక్కకు పోతుంది. ఒక్క తేదీ. అంతే.

నాలుగోది ఖాళీల గురించి. దానికి విడిగా సమయం ఇద్దాం.

ఖాళీలను ప్రేమించండి

అవును, ప్రేమించండి! డేటాలో ఖాళీగా ఉన్న గడులే మీ కస్టమర్‌కు తలనొప్పి. మనం మాత్రం అవి లేనట్టే డిజైన్ చేస్తాం.

ఎస్‌క్యూఎల్‌లో నల్ అనే విలువ సున్నా కాదు, ఖాళీ పదమూ కాదు. 'తెలియదు' అని దానర్థం. మీరు 'స్టేటస్, పెయిడ్‌కు సమానం కానివి' అని రాస్తే, స్టేటస్ ఖాళీగా ఉన్న బిల్లులు జవాబులోకి రావు. తెలియనిదాన్ని పెయిడ్‌తో పోల్చితే వచ్చేది కూడా 'తెలియదు'. అవును అని తేలని వరసను డేటాబేస్ వదిలేస్తుంది.

ఇప్పుడు కొట్లో ఏం జరుగుతుందో చూడండి. ఓనరు "కట్టని బిల్లులు తీయండి" అన్నారు. స్టేటస్ నింపని బిల్లులు జారిపోయాయి. ఎవరూ పట్టించుకోని బిల్లులే కదా అలా ఖాళీగా ఉండేది? అంటే వెంటపడాల్సిన బాకీలనే మీ ఫిల్టర్ దాచేసింది.

ఈ మూడు పనులు చెయ్యండి:

1. ప్రతి జాబితాలోనూ 'ఖాళీగా ఉన్నవి' అనే ఆప్షన్ పెట్టండి. అన్నిటికంటే పైన. కిందెక్కడో కాదు.
2. 'కానివి' అనే ఫిల్టర్‌లో ఖాళీలు కూడా వచ్చేలా రాయండి. వద్దనుకునేవాళ్లు టిక్ తీసేసుకుంటారు.
3. టెస్ట్ డేటాలో ఖాళీలు నింపండి. చక్కగా దువ్విన డేటాతో టెస్ట్ చేసే అలవాటు మానండి. అసలైన కొట్టు డేటా అలా ఉండదు.

ఇక్కడే ఇంకో చిక్కు. మనిషి "గుంటూరూ, ఒంగోలూ పార్టీలు చూపించు" అంటాడు. సాఫ్ట్‌వేర్ దాన్ని 'గుంటూరు మరియు ఒంగోలు' అని తీసుకుంటే జవాబు సున్నా. ఒక పార్టీ రెండు ఊళ్లలో ఉండదు కదా. ఒకే ఫీల్డులో రెండు ఎంచుకుంటే 'ఇదైనా అదైనా'. వేర్వేరు ఫీల్డుల్లో ఎంచుకుంటే 'ఇదీ అదీ'. ఈ ఒక్క సూత్రం గట్టిగా పట్టుకోండి. తొంభై శాతం మందికి యాండ్, ఆర్ అనే మాటలే చూపించాల్సిన పని ఉండదు. (తొంభై శాతం అన్నది నా అంచనా. మీ యూజర్ల దగ్గర చూసి సరిచేసుకోండి.)

లైబ్రేరియన్ దగ్గర ఒక పాఠం

ఫిల్టర్లను గుంపులుగా ఎలా పేర్చాలి? ఈ ప్రశ్నకు జవాబు సిలికాన్ వ్యాలీలో వెతకక్కర్లేదు. మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రరీలో పనిచేసిన ఎస్. ఆర్. రంగనాథన్ 1933లోనే తన కోలన్ క్లాసిఫికేషన్ ప్రచురించారు. పుస్తకాన్ని ఒకే గూటిలో ఇరికించకుండా, దాని విషయాన్ని చాలా వైపుల నుంచి చూడాలన్నారు. ఆ వైపులకు ఆయన పెట్టిన పేరు ఫాసెట్లు. షాపింగ్ సైట్లలో ఎడమ పక్కన బ్రాండు, ధర, రంగు అని మీరు రోజూ చూసే ఫాసెటెడ్ సెర్చ్‌కు మూలం ఆ ఆలోచనే.

ఆయన చెప్పిన మౌలిక కోణాలు అయిదు: పర్సనాలిటీ, మ్యాటర్, ఎనర్జీ, స్పేస్, టైమ్. కొట్టు భాషలోకి దింపుకోండి. ఎవరు? ఏ సరుకు? ఏం జరిగింది? ఎక్కడ? ఎప్పుడు? నేను ఇక్కడ ఆయన సిద్ధాంతాన్ని కాస్త స్వేచ్ఛగా వాడుతున్నాను, లైబ్రరీ సైన్స్ చదివినవాళ్లు పెద్ద మనసు చేసుకోండి. కానీ పని జరుగుతుంది. మీ నలభై కాలమ్‌లను ఈ అయిదు ప్రశ్నల కింద సర్దండి. ప్రతి ప్రశ్నకు బాగా వాడే ఒకటి రెండు మాత్రం పైకి తీసి, మిగతావి 'మరిన్ని'లో పెట్టండి. ఒక సాయంత్రం పని. ఫలితం రేపు పొద్దున్నే కనిపిస్తుంది.

తేదీల దగ్గర తొందరపడకండి

మీ ఓపిక అంతా ఇక్కడ పెట్టండి. బిజినెస్ సాఫ్ట్‌వేర్‌లో అందరూ వాడే ఫిల్టర్ తేదీ. ఎక్కువ తప్పులు దొర్లేదీ దాంట్లోనే.

'పోయిన నెల' అంటే ఏమిటి? ఒకటో తేదీ నుంచి నెలాఖరు దాకానా, ఇవాళ్టి నుంచి వెనక్కి ముప్ఫై రోజులా? రెండూ వేరు. రెండింటికీ వేర్వేరు బటన్లు ఇవ్వండి. బటన్ నొక్కగానే కింద అసలు తేదీలు రాసి చూపించండి. ఊహించే పని వాళ్లకు పెట్టకండి.

'మొదటి క్వార్టర్' అంటే మన అకౌంటెంట్‌కు ఏప్రిల్ నుంచి జూన్. బయటినుంచి తెచ్చిన లైబ్రరీకి జనవరి నుంచి మార్చి. 'ఈ సంవత్సరం' కూడా అంతే. మన పద్దు ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. అమెరికాలో ఉన్న టీమ్‌తో కలిసి పనిచేసే మన హైదరాబాద్ మిత్రులకు ఇంకో పరీక్ష: 04/05 అంటే మనకు మే నాలుగు, వాళ్లకు ఏప్రిల్ అయిదు. నెలను అంకెలో కాకుండా పేరుతో చూపించండి. గొడవ తీరిపోతుంది.

ఇప్పుడు అసలు దొంగను పట్టుకుందాం. మార్చి 31.

యూజర్ '1 నుంచి 31 మార్చి వరకు' అని ఎంచుకున్నారు. మీ కాలమ్‌లో తేదీతో పాటు సమయం కూడా ఉంది. మీ కోడ్ 31 మార్చి అంటే ఆ రోజు అర్ధరాత్రి సున్నా గంటలు అనుకుంది. ఇంకేముంది, 31న రోజంతా వేసిన బిల్లులు మాయం! సంవత్సరంలో ఎక్కువ బిల్లులు పడే రోజుల్లో అదొకటి. మందు చిన్నదే. '31కి సమానం లేదా తక్కువ' అని రాయకండి. 'ఏప్రిల్ 1 కంటే తక్కువ' అని రాయండి.

ఆ దొంగకు ఒక తమ్ముడున్నాడు. చాలా సర్వర్లు సమయాన్ని యూటీసీలో దాస్తాయి. మనం దానికంటే అయిదున్నర గంటలు ముందుంటాం. ఏప్రిల్ 1 తెల్లవారుజామున రెండింటికి ఆసుపత్రి మందుల షాపులో వేసిన బిల్లు, యూటీసీలో మార్చి 31 రాత్రి ఎనిమిదిన్నరకు పడుతుంది. మీ ఫిల్టర్ దాన్ని పాత ఆర్థిక సంవత్సరంలోకి తోసేస్తుంది. ఆ వేళ బిల్లులెవరు వేస్తారంటారా? హైవే మీద పెట్రోలు బంకు, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు, హోటల్ రిసెప్షన్. పగలు ఆఫీసులో కూర్చుని టెస్ట్ చేసే మీకు ఈ తప్పు ఎప్పటికీ దొరకదు. అందుకే టెస్ట్ డేటాలో అర్ధరాత్రి తర్వాత వేసిన బిల్లులు పెట్టడం అలవాటు చేసుకోండి.

ఇంకా ఒకటి: ఏ తేదీ? బిల్లు తేదీయా, సరుకు వెళ్లిన తేదీయా, ఎంట్రీ చేసిన తేదీయా? 'తేదీ' అని మాత్రమే రాసి ఉన్న ఫిల్టర్‌ను మీ ప్రోడక్ట్‌లో ఒక్కటి కూడా మిగల్చకండి.

పేర్లు, ఊళ్లు

మన పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేటప్పుడు ఎవరి దారి వారిదే. 'లక్ష్మి'లో ఒకరు ఎక్స్ వాడతారు, ఒకరు కేఎస్‌హెచ్ వాడతారు. 'శ్రీ'ని ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలుసు. దానికి ముందు మెసర్స్. ఇంక అక్షర క్రమం జాబితాలో సగం పార్టీలు ఒకే అక్షరం కింద చేరతాయి. ఆ మెసర్స్‌ను పక్కన పెట్టి వెతకండి. ఉచ్చారణ దగ్గరగా ఉన్న పేర్లు కూడా చూపించండి. షాపు పేరుతో పాటు ఊరు పేరు, ఫోన్ నంబరు చివరి అంకెలు కొట్టినా దొరకాలి. కలెక్షన్‌కు వెళ్లే కుర్రాడికి షాపు పూర్తి పేరు గుర్తుండదు, తెనాలిలో ఏ వీధిలో ఉందో గుర్తుంటుంది.

జిల్లా ఫిల్టర్ ఉందా? అయితే జాగ్రత్త. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. నరసరావుపేట పార్టీ ఒకప్పుడు గుంటూరు జిల్లా, తర్వాత పల్నాడు. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. పేరు అదే, ప్రాంతం వేరు! అయిదేళ్ల అమ్మకాలను 'వరంగల్' అని ఫిల్టర్ చేస్తే వచ్చే గ్రాఫ్‌లో ఎగుడుదిగుళ్లు వ్యాపారానివా, సరిహద్దులవా? బిల్లు వేసిన నాటి జిల్లాను బిల్లుతోనే దాచండి. ఇప్పటి జిల్లాను పార్టీ వివరాల్లో ఉంచండి. ఫిల్టర్‌లో ఏది వాడుతున్నారో రాయండి.

రాష్ట్రం వరకైతే పని తేలిక. జీఎస్‌టీ నంబరులో మొదటి రెండు అంకెలు రాష్ట్రాన్ని చెబుతాయి. తెలంగాణ 36, ఆంధ్రప్రదేశ్ 37. అడ్రసులో ఒక రాష్ట్రం, నంబరులో ఇంకో రాష్ట్రం ఉన్న బిల్లులను తీసి చూపించే ఫిల్టర్ ఒకటి రెడీగా ఇవ్వండి. రిటర్న్ వేసే వారంలో మిమ్మల్ని దీవిస్తారు.

స్క్రీన్ నిజం చెప్పాలి

ఇప్పుడు కంటికి కనిపించే పని. ఇక్కడ మీకు పదేళ్ల అనుభవం అక్కర్లేదు. పట్టుదల చాలు.

ఏ ఫిల్టర్లు ఆన్‌లో ఉన్నాయో టేబుల్ పైనే చిన్న చిప్స్‌గా చూపించండి. ఒక్కోదాన్ని తీసేసే గుర్తు ఒక్కోదానికి. అన్నీ ఒకేసారి తీసేసే బటన్ ఒకటి. పక్కనే '12,480లో 37' అని లెక్క. మొత్తం ఎంతో చెప్పకుండా 37 అని మాత్రమే చూపిస్తే సగం నిజమే చెప్పినట్టు.

జవాబు సున్నా వస్తే 'డేటా లేదు' అని రాసి చేతులు దులుపుకోకండి. డేటా ఉంది. మీ షరతుల కలయికకు తగ్గది లేదు. ఏ షరతు తీస్తే ఎన్ని దొరుకుతాయో చెప్పండి: 'తేదీ షరతు తీస్తే 14 బిల్లులున్నాయి'. ఇంకా మంచిది, ఆప్షన్ పక్కనే సంఖ్య వేసేయడం. సున్నా ఉన్నదాన్ని ఎవరూ నొక్కరు.

ఎక్స్‌పోర్ట్ బటన్ మీద 'ఈ 37 వరసలు' అని రాయండి. ఫైల్‌లో కూడా మొదటి వరసల్లో ఏ ఫిల్టర్‌తో తీసిందో ఉండాలి. ఆ ఫైల్ వాట్సాప్‌లో ఆడిటర్‌కు వెళ్తుంది. ఆయనకు మీ స్క్రీన్ మీద చిప్స్ కనిపించవు.

'సెలెక్ట్ ఆల్' దగ్గర జీమెయిల్‌ను గమనించండి. ముందు ఈ పేజీలో ఉన్నవాటినే ఎంచుకుంటుంది. వెతుకులాటకు సరిపడినవన్నీ కావాలా అని తర్వాత విడిగా అడుగుతుంది. బిల్లులు రద్దు చేసే స్క్రీన్‌లో ఈ ఒక్క ప్రశ్న మీ కస్టమర్ ప్రాణం కాపాడుతుంది.

పోయినసారి పెట్టిన ఫిల్టర్‌ను గుర్తుపెట్టుకోవాలా? నా తీర్పు ఇది: పీరియడ్, బ్రాంచి లాంటివి గుర్తుపెట్టుకోండి. 'కట్టనివి', 'రద్దయినవి' లాంటివి లాగవుట్‌తో తుడిచెయ్యండి. సోమవారం పెట్టి మరిచిపోయిన ఫిల్టర్‌తో శనివారం స్టాక్ చూసి "సరుకు లేదు" అని ఫోన్‌లో చెప్పేవాళ్లను మీరూ చూసే ఉంటారు. రోజూ కావాల్సిన కలయికలను పేరు పెట్టి దాచుకోనివ్వండి. పేరు వాళ్లనే పెట్టుకోనివ్వండి. 'శనివారం వసూళ్లు' అని పెట్టుకుంటారు. మీకంటే మంచి పేర్లు పెడతారు.

అకౌంటెంట్ల చేతులు కీబోర్డు వదలవు. టాలీ రిపోర్టులో ఎఫ్2 నొక్కి పీరియడ్ మార్చుకోవడం వాళ్లకు ఒంట్లో ఇంకిపోయింది. మీ అందమైన క్యాలెండర్‌లో మౌసుతో నాలుగుసార్లు నొక్కమంటే లోపల తిట్టుకుంటారు. తేదీ టైప్ చెయ్యనివ్వండి.

వేగం గురించి ఒక్క మాట. యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 1993లో రాసిన హద్దులు ఇప్పటికీ సరిపోతాయి. సెకనులో పదోవంతు అయితే వెంటనే జరిగినట్టు ఉంటుంది. ఒక సెకను దాకా ఆలోచన తెగదు. పది సెకన్లు దాటితే మనిషి వేరే పనిలోకి వెళ్లిపోతాడు. జవాబు సెకను లోపే వస్తే ప్రతి టిక్‌కూ ఫలితం మార్చండి. రాదనుకుంటే 'అప్లై' బటన్ పెట్టండి. అన్నీ ఎంచుకున్నాక ఒకేసారి వెళ్తుంది.

మోజులో పడకండి

మంచి డెవలపర్‌కు ఒక బలహీనత ఉంటుంది. బ్రాకెట్లలో బ్రాకెట్లు పెట్టుకునే పెద్ద క్వెరీ బిల్డర్ కట్టాలని. కట్టడం సరదాగా ఉంటుంది, ఒప్పుకుంటాను. వాడేవాళ్లు మాత్రం కంపెనీకి ఇద్దరే. ముందు రోజువారీ ప్రశ్నలకు రెడీమేడ్ ఫిల్టర్లు ఇవ్వండి. ఆ ఇద్దరూ వచ్చి అడిగినప్పుడు బిల్డర్ కట్టండి.

ఇంకో మోజు ఏఐ. 'తెనాలి వాళ్ల పాత బాకీలు చూపించు' అని టైప్ చేస్తే జవాబు వచ్చెయ్యాలి. మంచిదే, చెయ్యండి! ఒక్క షరతు. ఏఐ ఆ మాటను ఎలా అర్థం చేసుకుందో చిప్స్‌గా చూపించండి: ఊరు తెనాలి, స్టేటస్ కట్టనివి లేదా ఖాళీ, వయసు 45 రోజుల పైన. 'పాత' అంటే 90 అని అది అనుకుంటే, యూజర్ చూసి 45 అని దిద్దుకుంటారు. చూపించకపోతే ఎవరి ఊహ ఎవరికీ తెలియదు.

ఇంకొక హెచ్చరిక, చిన్నదే అయినా గట్టిగా చెబుతున్నా. ఫిల్టర్ తాళం కాదు. ఒక బ్రాంచి మేనేజర్‌కు ఇంకో బ్రాంచి జీతాలు కనబడకూడదంటే ఆ పని సర్వర్‌లో పర్మిషన్లతో చెయ్యండి. స్క్రీన్ మీద దాస్తే సరిపోతుందనుకోకండి.

ఈ వారం మీ పని

సోమవారం: మీ ప్రోడక్ట్‌లో ఎక్కువమంది వాడే టేబుల్ ఒకటి తెరవండి. ఫిల్టర్ పెట్టండి. స్క్రీన్‌షాట్ తీసి, ప్రోడక్ట్ తెలియని స్నేహితుడికి పంపండి. "ఇక్కడ ఏం దాగి ఉంది?" అని అడగండి. చెప్పలేకపోతే మీ మొదటి బగ్ దొరికింది.

మంగళ, బుధవారాలు: టెస్ట్ డేటాలో మార్చి 31 సాయంత్రం బిల్లు, ఏప్రిల్ 1 తెల్లవారుజాము బిల్లు, స్టేటస్ లేని బిల్లు, నరసరావుపేట పార్టీ, రెండు రకాల లక్ష్మి చేర్చండి. ప్రతి ఫిల్టర్‌నూ ఈ అయిదింటి మీద నడపండి.

తర్వాత రెండు రోజులు దొరికినవి సరిచెయ్యండి. అన్నీ ఒకేసారి కావు. ఒకటి సరిచేసి విడుదల చెయ్యండి, ఇంకోటి పట్టుకోండి.

ఆ తర్వాతది ముఖ్యం. నెలనెలా ఫైల్ చేసేవాళ్లకు జీఎస్‌టీఆర్-1 గడువు తర్వాతి నెల 11. అంటే పదో తేదీన మీ కస్టమర్ ఆఫీసులో అసలైన పరీక్ష జరుగుతుంది. ముందే ఫోన్ చేసి ఆ రోజు రావచ్చా అని అడగండి. ల్యాప్‌టాప్ వద్దు, నోట్‌బుక్కు, పెన్ను పట్టుకెళ్లండి. అకౌంటెంట్ గారి పక్కన కుర్చీ వేసుకుని మధ్యాహ్నం దాకా నోరు మెదపకండి. వాళ్లు మీ సాఫ్ట్‌వేర్ వదిలేసి ఎక్సెల్‌లోకి వెళ్లిన ప్రతిసారీ ఒక గీత గీసుకోండి. దేనికోసం వెళ్లారో పక్కన రాసుకోండి. మీ తర్వాతి స్ప్రింట్‌కు ఆ కాగితమే జాబితా.